కొండ పలికిన తూటా

1961 మే 15, సోమవారం

నా పేరు ఆలెట్టా సుసానా ఒపర్మాన్. పుట్టింది అంగోలాలో, హుంపాటా దగ్గర, ఎడ్లబండి కింద. వయసు డెబ్బై మూడని మా అక్క బతికున్నప్పుడు చెప్పిన లెక్క. ఉండేది ఆ దేశానికి దక్షిణాన, ఔట్యో తాలూకా, ఎర్రకొండ ఫారంలో. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం: నేనూ, నా కోడలు ఏంగెలా. నా కొడుకు కూర్ట్ ఉండేవాడు. మూడు వారాల కింద వాణ్ణి ఏనుగు చంపింది.

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది హెర్మీన్ స్టేన్‌కాంప్, పక్క ఫారంలో ఉండే చర్చి డీకను గారి చెల్లెలు. సమాధి కార్యక్రమానికి వచ్చి, మెట్ల మీద కాలు బెణికి, ఇక్కడే ఉండిపోయింది. ఊరికే కూర్చుని నా కాఫీ తాగే బదులు రాసిపెట్టమన్నాను.

ఇది ఎవరికీ చూపించేది కాదు. జూన్ పన్నెండున మేజిస్ట్రేటు విచారణ పెడతాడు. అప్పటిదాకా నా మాట నా దగ్గర చెడిపోకుండా ఉండాలి. ఈ వయసులో మాట పాలలాగా విరిగిపోతుంది.

ఈ ఇంట్లో తూటాలు చేసేది నేనే. జనం అనేది ఇది. ముసలిది తూటాలు కలిపేసింది. మెత్త తూటా ఒకటి గట్టి తూటాల్లో పడింది. కూర్ట్ చూసుకోకుండా దాన్ని ఏనుగు మీద కాల్చాడు. ఏనుగుకి అది దోమకాటు. అక్షరం ముక్క రాని మనిషి చేత తుపాకి మందు కొలిపిస్తే అంతే మరి.

నేను అనేది ఇది. నా చేతులు తప్పు చేయవు.

మే 17

మెత్త తూటా సంగతి రాయి, హెర్మీన్.

పెద్ద తుపాకి మా ఆయనది. అది ముందున్నదాన్ని చంపుతుంది, వెనకున్నవాణ్ణి కొడుతుంది. మా ఆయన బతికినన్నాళ్లూ కుడి భుజం మీద పడుకోలేదు. ఏంగెలా సముద్రం ఒడ్డున పట్నంలో పెరిగిన పిల్ల, పిట్ట ఎముకలు. కూర్ట్ పశువుల్ని తోలుకుని రైలు దగ్గరికి వెళితే వారం దాకా రాడు. ఆ వారంలోనే ఏనుగులు వచ్చి నీళ్ల తొట్టి పగలగొడతాయి, గాలిమర గొట్టం పీకుతాయి. ఇంట్లో ఉన్న ఆడమనిషికి పెద్ద తుపాకి కాల్చడం రావాలి. మొదటిసారి కాల్చినప్పుడు ఏంగెలా భుజం నేరేడుపండు రంగుకి తిరిగింది.

"అమ్మా, ఈ తుపాకి తన్ను కాస్త తగ్గించి పెట్టవూ?" అన్నాడు కూర్ట్.

తగ్గించి పెట్టాను. మందు తక్కువ వేస్తే ఇత్తడి గొట్టంలో అది అటూ ఇటూ దొర్లుతుంది. దొర్లితే ఒకసారి పేలుతుంది, ఒకసారి దగ్గుతుంది, ఒకసారి తుపాకినే చీలుస్తుంది. అందుకని పైన బూరుగు దూది కూరాలి. మా ఆయన తలగడ విప్పాను. గుండు నా అచ్చులో నేను పోసిన సీసం. తేనెమైనం, గొర్రె కొవ్వు కలిపి దానికి పూస్తాను. మెత్త తూటా ముక్కు బూడిద రంగు. గట్టి తూటా ముక్కు రాగి రంగు. మెత్తవి బల్ల మీద పొగాకు డబ్బాలో. గట్టివి గోడకి వేలాడే తోలు పట్టీలో. ఇందులో చదవాల్సింది ఏముంది?

సాయంత్రాలు వాళ్లిద్దరూ కంచె దగ్గర కిరసనాయిలు డబ్బా పెట్టి కాల్చేవాళ్లు. నేను వరండాలో కూర్చునేదాన్ని. ఏంగెలా గుండు ఎప్పుడూ డబ్బా ముందు నేలలో పడేది.

"మా కోడలు డబ్బాని ఏమీ అనదు, చీమల్ని వేటాడుతుంది" అన్నాను ఒకరోజు. పనివాడు గరిసెబ్ నవ్వి తల తిప్పుకున్నాడు. మర్నాడు "ఈ పూట ఎన్ని చీమలు పడ్డాయి, వండాలా?" అన్నాను. ఏంగెలా నవ్వలేదు. పట్నం వాళ్లకి నవ్వు ఆలస్యంగా వస్తుంది.

ఈస్టర్ దాటాక డబ్బా మోగడం మొదలైంది. ప్రతి గుండూ మోగింది. నా తూటాలు బాగున్నాయన్నమాట.

కూర్ట్ చొక్కా జేబులో పోలీసు సార్జెంటుకి దొరికింది బూడిద ముక్కు తూటా. ముందు రోజు సాయంత్రం ఆటలో మిగిలింది. అదొక్కటి చాలింది వాళ్లకి. పేలిన ఇత్తడి గొట్టాలు రెండు దొరికాయి. పేలాక మెత్తదీ గట్టిదీ ఒక్కలాగే ఉంటాయి.

మే 18

ఈ రోజు చెప్పడానికి ఏమీ లేదు. కొండ పలికింది.

మే 22

"కొండ పలికింది అని రాయించావు మొన్న. అంటే ఏమిటి?" అని హెర్మీన్ అడుగుతోంది. నా కోసం రాసుకునేదాంట్లో దీనికి వివరం కావాలట.

గట్టి తూటా కాలిస్తే చప్పుడు వెళ్లి ఎర్రకొండకి తగిలి తిరిగొస్తుంది. మెత్త తూటాకి అంత గొంతు లేదు. తలుపు వేసినట్టు ఒక చప్పుడు, అంతే. కొండ పట్టించుకోదు.

ఆ రోజు తెల్లారుతుండగా నేను పొయ్యి రాజేస్తున్నాను. తొట్టి వైపు నుంచి ఒక దెబ్బ. కొండ పలికింది. ఇంకో దెబ్బ. మళ్లీ పలికింది. ఆ తర్వాత ఏనుగు అరిచింది. దానికీ పలికింది.

రెండూ గట్టివే. నేను విన్నాను. సార్జెంటుకి చెప్పాను. "కొడుకు పోయిన తల్లికి చాలా వినిపిస్తాయమ్మా" అన్నాడు. మంచివాడే. తల మీద చెయ్యేసి చెప్పాడు, గుర్రానికి చెప్పినట్టు.

ఇప్పుడు రోజూ పొయ్యి దగ్గర కూర్చోగానే వినిపిస్తుంది. దెబ్బ వినిపించదు. కొండ పలకడం ఒక్కటే వినిపిస్తుంది.

"ప్రార్థన చేసుకో ఆలెట్టా" అంది హెర్మీన్.

"చేస్తున్నాను. దానికీ అదే పలుకుతోంది" అన్నాను.

ఈ ముక్క రాయనంది. రాయించాను.

మే 25

చర్చి సంఘపెద్ద భార్య మార్యా వచ్చింది. ఎండు రొట్టెల మూట తెచ్చింది. మా వాళ్లు రొట్టెలు తెచ్చారంటే చెడ్డమాట ఏదో వెనకే వస్తుంది.

"మా ఆయన పంపారు. ఈసారి చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకోడానికి నువ్వు రాకపోతే మంచిదేమో అన్నారు. విచారణ అయ్యేదాకా."

"నేను ఎవరిని చంపానని?"

"అలా ఎవరన్నారు? మనసు నెమ్మదిగా లేనప్పుడు రొట్టె ముట్టుకోకూడదని."

"నా మనసు నెమ్మదిగానే ఉంది. నీ మొగుడికి ముప్పై ఏళ్లుగా తూటాలు చేసి పెట్టాను. ఒక్కటైనా దగ్గిందా అడుగు."

"అడగక్కర్లేదు ఆలెట్టా. పోయినవారమే అన్నీ వెలికి తీసి పాత బావిలో పారేశారు."

ఏంగెలా అక్కడే నిలబడి కాఫీ పోస్తోంది. పోసిన కప్పు పొంగి సాసర్‌లోకి కారింది. అయినా పోస్తూనే ఉంది.

మే 28, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. నా చేతులు తప్పు చేయవు. చేయవనే అనుకుంటాను.

చివరి మాట కొట్టెయ్యనా అంది హెర్మీన్. వద్దన్నాను.

మే 30

అదే కల.

కూర్ట్ నా బల్ల వెనక నిలబడతాడు. మనిషి కనిపించడు, ఊపిరి తెలుస్తుంది. "అమ్మా, తన్ను ఇంకా తగ్గించు" అంటాడు. మందు తీస్తాను, దూది పెడతాను. వాడు కాలుస్తాడు. కొండ పలుకుతుంది. "ఇంకా తగ్గించు." ఇంకా తీస్తాను. చివరికి గొట్టంలో మందే ఉండదు, గుండు ఉండదు, మా ఆయన తలగడ దూది ఒక్కటే ఉంటుంది. అదీ కాలుస్తాడు. కొండ పలుకుతుంది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉదయం లేచి బల్ల తుడిచాను. ఎందుకో చెప్పలేను, అటు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

జూన్ 2

పొగాకు డబ్బాలో మిగిలిన మెత్తవన్నీ వేలితో తడిమాను. తోలు పట్టీలో గట్టివన్నీ తడిమాను. ఒక్కటీ చోటు మారలేదు. సార్జెంటు తీసుకెళ్లినవాటి సంగతి నాకు తెలియదు. పేలిపోయిన రెండింటి సంగతి ఎవరికీ తెలియదు.

రెండు.

జూన్ 5, సోమవారం

ఇది పొడుగ్గా ఉంటుంది. హెర్మీన్, కాలు స్టూలు మీద పెట్టుకో.

పొద్దున ఏంగెలా అన్న స్టోఫెల్ వచ్చాడు. నా చేత్తో పోసిన కాఫీ వద్దన్నాడు. ఏనుగు మళ్లీ తొట్టి దగ్గరికి వస్తోందట, గరిసెబ్ అడుగులు చూశాడట. చంపడానికి అనుమతి తెచ్చుకున్నాడు. సార్జెంటు తిరిగిచ్చిన పెద్ద తుపాకి కోసం వచ్చాడు.

"తూటాలు నేనే తెచ్చుకున్నాను" అని ఔట్యో కొట్లో కొన్న పెట్టె చూపించాడు. "ఈ ఇంట్లోవి నాకొద్దు, అత్తగారూ."

"మంచిది. తుపాకి తుడవకుండా మాత్రం ఈ గడప దాటదు" అన్నాను. అది మా ఇంటి ఆచారం. వేటకి వెళ్లే తుపాకిని ఇంట్లో పెద్ద ఆడమనిషి నూనెగుడ్డతో తుడిచి ఇవ్వాలి. హుంపాటాలో మా అమ్మ చేసేది. కూర్ట్ చీకటితో వెళ్లిన రోజు నన్ను లేపకుండా, తుడిపించకుండా వెళ్లాడు.

స్టోఫెల్ విసుక్కుంటూ ఇచ్చాడు. భుజానికి ఆన్చే మడమ దగ్గర మొదలుపెట్టి తుపాకి గొట్టం కొసదాకా తుడిచాను. గురి చూసుకోడానికి కొసన నిలబడి ఉండే చిన్న పలక, ముందు గురి, దాని మీద బొటనవేలు పడింది. ఆగిపోయింది. నలభై ఏళ్లు తుడిచిన తుపాకి. వేలికి అందాల్సిన చోట అది అందలేదు. పొట్టిగా ఉంది. మసి పూశారు. గోటితో గీస్తే మసి కింద ఆకురాయి రాసిన మెరుపు.

ముందు గురి పొట్టిదైతే, అది కంటికి అందాలని కాల్చేవాడు గొట్టం పైకి లేపుతాడు. గుండు పైకి వెళుతుంది.

"స్టోఫెల్, దీన్ని తీసుకెళ్లకు."

"ఎందుకట?"

"గురి అరగదీశారు. నువ్వు కొన్నావే, ఆ గట్టి తూటాలతో కాలిస్తే పైనుంచి పోతుంది."

నవ్వాడు. "విచారణ ఇంకో వారం ఉందిగా. ఇప్పటిదాకా ఎక్కడ దాచారు ఈ కథ?"

"కథ కాదు. డబ్బా మీద ఒక్కటి కాల్చి చూసి వెళ్లు. ఒక్కటి. నీ సొంత తూటాతో."

నన్ను వదిలించుకోడానికే ఒప్పుకున్నాడు. గరిసెబ్ డబ్బా పెట్టి వచ్చాడు. స్టోఫెల్ వరండా కటకటాల మీద తుపాకి ఆన్చి, నింపాదిగా కాల్చాడు. కొండ పలికింది. డబ్బా కదల్లేదు. దాని వెనక ముళ్లచెట్టు కొమ్మ విరిగి వేలాడింది, డబ్బాకి జానెడు పైన.

మళ్లీ కాల్చాడు. మళ్లీ అక్కడే.

ఏనుగుని అంత దూరం నుంచి కాల్చరు. దగ్గరికి వెళితే ఆ జానెడు నాలుగు వేళ్లవుతుంది. ఏనుగు నుదుట్లో మెదడుండే చోటు పెద్ద రొట్టె అంత. దాని పైన ఉన్నదంతా తేనెపట్టులాంటి బోలు ఎముక. నాలుగు వేళ్లు చాలు.

గరిసెబ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ రోజూ ఇంతే, పెద్దమ్మా. నేను వెనకే ఉన్నాను. మొదటి దెబ్బకి ఏనుగు నెత్తిన దుమ్ము లేచింది. బాగా పైన."

"మరి సార్జెంటుకి చెప్పలేదేం?"

"అడుగుల వెంట నడిపించమన్నాడు, నడిపించాను. ఏం చూశావని అడగలేదు."

స్టోఫెల్ తుపాకి కిందికి దించాడు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. నా వైపు తిరిగాడు. "ఆకురాయి ఎవరి బల్ల మీద ఉంటుంది ఈ ఇంట్లో?"

"నా బల్ల మీద."

"అయితే తూటాలు కాదు. ఇది. ఇదీ మీ చెయ్యే. మీ మెత్త తూటాలు తిన్నగా తగలాలని గురే అరగదీశారు. ముసలిదానివని ఊరుకుంటారు అనుకున్నావా?"

మీరు కాస్తా నువ్వయింది. నూనెగుడ్డ మడత పెట్టాను.

"ఆవిడ కాదు అన్నయ్యా."

ఏంగెలా తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"కూర్ట్ అరగదీశాడు. ఈస్టర్ ముందు శనివారం, ఆవిడ చర్చికి వెళ్లినప్పుడు. మెత్త తూటా కిందికి పోతుంది, తప్పు నీది కాదు, తుపాకిదే అన్నాడు. తుపాకినే నా తూటాకి సరిపెట్టాడు. కొత్త గురి పలక ఔట్యోలో చెప్పాను, అది రాగానే మార్చేస్తాను, అందాకా అమ్మకి చెప్పకు అన్నాడు."

"మరి ఏనుగు దగ్గరికి దీన్నే ఎందుకు తీసుకెళ్లాడు?" అన్నాడు స్టోఫెల్.

"తొట్టి విరిగిన చప్పుడైంది. నిద్రలో లేచాడు. గోడ మీంచి తీసుకుని పరిగెత్తాడు. గురి సంగతి గుర్తు లేదు. నాకూ గుర్తు లేదు." ఒక్కో మాట విడదీసి చెప్పింది. "నెలన్నర నుంచి నాకు గుర్తుంటోంది."

"చెల్లీ, ఇంత చేయాల్సిన అవసరం ఏమొచ్చింది వాడికి? డబ్బా తగలకపోతే ఏం?"

ఏంగెలా అన్నని చూడలేదు. నన్ను చూసింది.

"ఆవిడ నవ్వేది. రోజూ. చీమలు వండాలా అనేది. ఆయన భరించలేకపోయాడు."

రాశావా హెర్మీన్? అక్షరం వదలకుండా రాయి. నవ్వాను. నా వరండాలో నేను నవ్వాను. రాయి.

జూన్ 6

కొండ పలకలేదు. పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. పలకలేదు. దాని బదులు నా నవ్వు వినిపించింది.

జూన్ 8

స్టోఫెల్, సంఘపెద్ద కలిసి వచ్చారు. వేరే తుపాకితో స్టోఫెల్ నిన్న ఏనుగుని పడగొట్టాడు. దాని నుదుట్లో, పైన, రెండు పాత గుండ్లు దొరికాయి. రాగివి. నా సీసం కాదు. స్టోఫెల్ వాటిని నా బల్ల మీద పెట్టి, టోపీ తీసి, "క్షమించండి అత్తగారూ" అన్నాడు. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేదు, అందుకే రాయిస్తున్నాను.

తర్వాత అసలు మాట సంఘపెద్ద ఎత్తాడు. "మనకి తెలిసింది కదా, ఆలెట్టా. దేవుడికీ తెలుసు. విచారణలో మాత్రం పొరపాటున తూటా కలిసిందని ఉండనిద్దాం. ముసలి చేతులని మేజిస్ట్రేటు ఒక్క ముక్క అనడు. కూర్ట్ పేరు మన వాళ్లలో ఎలాంటిదో నీకు తెలుసు. పెళ్లాం కోసం గురి అరగదీసుకుని మరిచిపోయాడని కాగితం మీద పడితే, పోయినవాడికి మళ్లీ చావు. ఆ పిల్లకి బతుకంతా వేలు చూపిస్తారు."

"నాకు చూపిస్తే?"

"నీకు డెబ్బై మూడేళ్లు."

ఏంగెలా లోపలికి వెళ్లిపోయింది. వాళ్లు వెళ్లాక తలుపు తట్టాను.

"ఏమే, నీ ఇష్టం ఏమిటి?"

"చెప్పకండి అత్తయ్యా." తలగడలోంచి వచ్చింది మాట. "నా వల్ల పోయాడంటారు."

"ఇప్పుడు నా వల్ల పోయాడంటున్నారు."

"మీరు గట్టివారు."

తలుపు దగ్గర నిలబడిపోయాను. అది నిజమే. గట్టిదాన్ని. నా చేత్తో ఎన్నో మెత్తవి చేశాను, నాకోసం ఒకటి ఎప్పుడూ చేసుకోలేదు. సరేలే అనబోయాను. నోటి దాకా వచ్చింది. కానీ రాత్రి బల్ల వెనక నిలబడేవాడు నా కొడుకు. తన్ను తగ్గించు, తగ్గించు అని అడుగుతూనే ఉంటాడు. దీన్ని కూడా తగ్గించి ఇస్తే వాడు ఇక ఎప్పటికీ అక్కడే నిలబడతాడు.

"లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నీ పేరూ చెబుతాను, వాడి పేరూ చెబుతాను" అన్నాను.

లోపలి నుంచి గడియ పడిన చప్పుడైంది.

జూన్ 10, శనివారం

మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి ఇది. దీన్ని హెర్మీన్ వేరే కాగితం మీద కూడా ఎత్తి రాస్తుంది.

నేను, ఆలెట్టా సుసానా ఒపర్మాన్, దేవుడి ఎదుట చెబుతున్నాను. ఆ రోజు నా కొడుకు కాల్చిన తూటాలు రెండూ గట్టివి. నేను చేసినవి. వాటిలో మందు తగ్గలేదు, దూది లేదు. తుపాకి ముందు గురిని మెత్త తూటాలకి సరిపోయేలా నా కొడుకు కూర్ట్ తన చేత్తో అరగదీశాడు. తన భార్య కోసం ఆ పని చేశాడు. మార్చేలోపు ఏనుగు వచ్చింది. వాడు మరిచిపోయాడు. మంచి వేటగాడు కూడా నిద్రలోంచి లేస్తే మరిచిపోతాడు.

హెర్మీన్ దీన్ని గట్టిగా చదివి వినిపిస్తుండగా ఏంగెలా వచ్చింది. రెండు రోజుల తర్వాత జుట్టు దువ్వుకుంది. కాగితం తీసుకుని తనే ఇంకోసారి చదివింది.

"ఇందులో ఒక మాట తప్పు" అంది.

"ఏది?"

"భార్య కోసం చేశాడని ఉంది. నేను అడగలేదు. తగలకపోయినా నాకు పరవాలేదు."

"మరి ఎలా ఉండాలి?"

కలం తీసుకుంది. ఆ మాట కొట్టేసి పైన రాసింది. రాసింది చదివి వినిపించింది: "తన తల్లి నవ్వకుండా ఉండాలని చేశాడు."

హెర్మీన్ నా మొహం చూసింది. "ఆలెట్టా, ఇది మేజిస్ట్రేటు చదువుతాడు. ఊరంతా వింటుంది. ఉంచాలా?"

ఏంగెలా కూడా చూస్తోంది. కోపంగా లేదు. డబ్బా వైపు గురి పెట్టినప్పుడు అలా చూసేది, కన్ను ఆర్పకుండా.

"సాక్షి సంతకం చేస్తావా దీని కింద?" అని అడిగాను.

"ఆ మాట ఉంటే చేస్తాను."

"అయితే ఉండనీ."

ముందు తను సంతకం చేసి, నా వేలు పట్టుకుని సిరాలో ముంచింది.

ఆలెట్టా సుసానా ఒపర్మాన్, ఆమె వేలితో పెట్టిన గుర్తు: ×

సాక్షులు:
ఏంగెలా ఒపర్మాన్, కోడలు
ఏలియాస్ గరిసెబ్, అతని గుర్తు: +
రాసినది హెర్మీన్ స్టేన్‌కాంప్